బయటి గడియ

జనానికి పుస్తకం వినడం కాలక్షేపం. బస్సులో కూర్చుని వింటారు, గిన్నెలు తోముకుంటూ వింటారు, కథ కాస్త భయపెడితే డబ్బులిచ్చి భయపడ్డామని మురిసిపోతారు. చెవులమ్మకు మాత్రం అది కూడు పెట్టే పని. ఆరడుగుల గది, కిటికీ లేని గోడ, తలకు బిగుసుకునే హెడ్‌ఫోను, ఎదురుగా అచ్చు పుస్తకం, చేతిలో పెన్సిలు. చదివినవాళ్ళు మింగిన అక్షరం, తమ సొంతంగా కలిపిన మాట, కుర్చీ కిర్రుమన్నది, కడుపు గుర్రుమన్నది, కాగితం తిప్పింది, అన్నీ పట్టుకుని తప్పుల పట్టికలో ఎక్కించాలి. పేజీ, వరుస, కారణం. వాక్యం రాయనక్కర్లేదు, అంకెలు చాలు. ఆ పట్టిక చదివినవాళ్ళకు వెళ్తుంది. వాళ్ళు పుస్తకం తెరిచి ఆ వాక్యాలు మళ్ళీ చదివి పంపుతారు.

పదకొండేళ్ళలో ఆమె చెవి దాటిపోయిన తప్పు ఒక్కటీ లేదని స్టూడియో మేనేజరు కొత్తగా వచ్చినవాళ్ళకు చెబుతుంటాడు. చెవులమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరగదు.

ఆ వారం ఆమె చెవిలో నడుస్తున్నది ఒక సస్పెన్సు నవల. ఊరికి దూరంగా ఒక పెద్ద ఇల్లు, మేడ మీద గది, అందులో ఒక ఆడమనిషి, ఆ గదికి బయటినుంచి గడియ. వేసేవాడు ఆ ఇంటి అయ్యగారు. ఎందుకు వేస్తున్నాడో ఇంకా తెలియదు. చేతిలోనే పుస్తకం ఉంది కదా, చివరి పేజీ తిప్పి చూడొచ్చు. చెవులమ్మ చూడదు. అలా చూడటం ఆమె లెక్కలో దొంగతనం. ఎంత పనైనా ఆ మాత్రం సరదా కూడా లేకపోతే ఆ గదిలో మనిషి బతకలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తొమ్మిదో అధ్యాయం వచ్చింది. "మెట్లు మొత్తం పదిహేడు. ఆమె లెక్కపెడుతోంది. పద్నాలుగు. పదిహేను. పదహారో మెట్టు దగ్గర ఆ అడుగు ఆగింది." చెవులమ్మ మెడ మీద వెంట్రుకలు లేచాయి. సరిగ్గా అక్కడే కుర్చీ కిర్రుమంది. చేసేదేముంది, అయ్యగారిని పదహారో మెట్టు మీద నిలబెట్టి, రికార్డు ఆపి, నూట ఇరవై ఆరు, వరుస నాలుగు, కుర్చీ అని రాసుకుంది. మళ్ళీ వెనక్కి జరిపి వింది. మళ్ళీ వెంట్రుకలు లేచాయి. ఆ గొంతులో ఉన్న గుణం అది.

ఆ గొంతు గల మనిషిని స్టూడియోలో ఎవరూ చూడలేదు. ఇంట్లోనే ఒక గదిలో చదువుతుంది. ఫైళ్ళు పంపేది, ఫోనెత్తేది, ఉత్తరాలకు జవాబిచ్చేది ఆమె భర్త. కిందటి వారం ఆమెతో చెవులమ్మకు చిన్న తగాదా కూడా అయింది, పట్టికల మీదే. ఏడో అధ్యాయంలో కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కిందనుంచి తలెత్తి అడుగుతాడు: "లోపలున్నది మీ ఇష్టంతోనేనా అమ్మా?" దానికి గదిలో ఆవిడ, "అవునండీ. తలుపు నేనే వేయమన్నాను" అంటుంది. ఆ జవాబుకు ముందు చిన్న శ్వాస వినబడింది, దారం పళ్ళతో తెంపినంత. చెవులమ్మ తప్పని రాసింది. మళ్ళీ చదివి పంపారు, మళ్ళీ అదే శ్వాస. మళ్ళీ రాసింది. మూడోసారి భర్త దగ్గర్నుంచి వివరణ వచ్చింది: "అది తప్పు కాదని మా ఆవిడ అంటోందండీ. అబద్ధం చెప్పేముందు మనిషి ఊపిరి అందుకుంటుందట." చెవులమ్మ ఆ వాక్యం ఇంకోసారి విని, పట్టికలో గీత కొట్టేసింది. పదకొండేళ్ళలో ఆమె ఓడిపోయింది అదొక్కసారే, ఓడినందుకు రెండు రోజులు సంతోషంగా ఉంది.

ఆ భర్తకు ఒక బద్ధకం ఉంది. ఫైలు మొదలూ చివరా కత్తిరించడు. అందుకని కథకు ముందు ఎప్పుడూ ఒక చప్పుడు వినబడేది: ఇనుము మీద ఇనుము జారి, ఠక్కున పడటం. తర్వాత దూరమవుతున్న అడుగులు. తర్వాత కుర్చీ, మంచినీళ్ళ గుటక, చదువు. మొదట్లో అది కథకోసం పెట్టిన చప్పుడేమో అనుకుంది. నవలలో గడియ, ఫైల్లో గడియ, బాగానే కుదిరిందనుకుంది. చివర్లో పుస్తకం మూసిన చప్పుడు, తలుపు మీద రెండు తట్లు, కాసేపటికి మళ్ళీ ఇనుము. ఆ తర్వాత భర్త వచ్చి యంత్రం ఆపేవాడు.

శుక్రవారం ఫైల్లో రెండు తట్ల తర్వాత ఇనుము వినబడలేదు.

తెర మీద చూస్తే ఫైలు ఇంకా పంతొమ్మిది నిమిషాలు ఉంది. వేరే ఎవరైనా అయితే జరిపేసేవాళ్ళు. చెవులమ్మ జరపలేదు, పట్టిక నిజాయితీగా ఉండాలంటే చివరిదాకా వినాలి. విన్నది. ఫ్యాను లేని గది. చీర కుచ్చిళ్ళు నేలకు రాసుకున్న చప్పుడు, గోడదాకా వెళ్ళి వెనక్కి రావడం. అటు ఆరు అడుగులు, ఇటు ఆరు. ఏడో నిమిషంలో మళ్ళీ రెండు తట్లు. పన్నెండో నిమిషంలో ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. పదిహేనో నిమిషంలో, చాలా చిన్నగా, కథలో గొంతు కాని గొంతుతో, "ఏమండీ." అంతే. పంతొమ్మిదో నిమిషంలో ఇనుము జారింది.

హెడ్‌ఫోను తీసేసరికి చెవులమ్మ చెవులు చెమటతో తడిసి ఉన్నాయి. ఆమె ఉన్న గది కూడా అటు ఆరడుగులు, ఇటు ఆరడుగులే అన్న సంగతి అప్పుడే తట్టింది. కానీ చేతికి పదకొండేళ్ళ అలవాటు. బుర్ర ఆలోచించేలోగా చెయ్యి రాసేసింది: "ఫైలు మొదట, చివర బయటి గడియ చప్పుడు. చివర పంతొమ్మిది నిమిషాల ఖాళీ." సాయంత్రం మేనేజరు ఆ పట్టికను ఎప్పటిలాగే చూడకుండా పంపించేశాడు.

శనివారం వచ్చిన ఫైలు కడిగిన పలకలా ఉంది. గడియ లేదు, అడుగులు లేవు, తట్లు లేవు. నేరుగా కథ. పని తెలిసినవాళ్ళెవరో కత్తిరించినట్టు శుభ్రంగా ఉంది. చెవులమ్మ మొదట సంతోషించింది, చెప్పగానే విన్నారు కదా అని.

రెండో నిమిషంలో పెన్సిలు అందుకుంది. "మ" సరిగా పలకలేదు. పక్క వరుసలో "ప". తర్వాత "బాబాయి" అన్న మాటలో రెండు "బా"లూ మెత్తబడ్డాయి. వరుసగా రాసుకుంటూ పోయింది: స్పష్టత లేదు, స్పష్టత లేదు, స్పష్టత లేదు. ఒక పేజీ నిండాక చూసుకుంది. "త"లు బాగున్నాయి. "క"లు, "ర"లు బాగున్నాయి. పెదవులు కలిసే అక్షరాలే పాడయ్యాయి.

చెవులమ్మ తన కింది పెదవిని వేళ్ళతో పట్టుకుని, కాస్త పక్కకు లాగి, "మా బాబాయి పంపిన మనిషి" అని పైకి చదివింది. చెవిలో ఉన్న గొంతులాగే వినబడింది. ఇంకొంచెం గట్టిగా లాగితే అచ్చు అదే.

పెన్సిలు కింద పెట్టేసింది. నిన్న ఆ కాగితం రాసింది తనే. అది చదివింది ఎవరో కూడా తెలుసు. ఫైళ్ళు పంపేది ఆయనే, పట్టిక అందుకునేదీ ఆయనే. వినకూడనిది బయటివాళ్ళు విన్నారని ఆయనకు చెప్పింది ఇంకెవరూ కాదు, తనే, పేజీ నంబరు వేసి మరీ. ఆ గది తలుపు తెరిచి కారిడార్లో నిలబడింది. అద్దం వెనకనుంచి మేనేజరు, ఏమైందన్నట్టు చెయ్యి ఊపాడు. ఏం లేదని ఆమె కూడా చెయ్యి ఊపింది.

ఆదివారం అక్కకు చెప్పింది. అక్కాచెల్లెళ్ళిద్దరే ఒక ఇంట్లో ఉంటారు. అక్క బస్సు కండక్టరు. దేవుడు ఒకళ్ళకు చెవులిచ్చి, ఇంకొకళ్ళకు నోరిచ్చి, ఇద్దరినీ ఒకే కొంపలో పడేశాడని అక్కే అంటుంటుంది. ఆమె గుసగుస వీధి చివరిదాకా వినబడుతుంది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది అక్క, యూనిఫారానికి ఊడిన గుండీ కుట్టుకుంటూ. "మొగుడూ పెళ్ళాల మధ్య నువ్వెవరు?"

"ఆ పెదవి నావల్ల పగిలిందక్కా."

"నీవల్లా? నువ్వు కొట్టావా?"

"గడియ చప్పుడు వినబడుతోందని రాశాను."

అక్క సూది ఆపింది. "నవల్లో కూడా అదేగా నడుస్తోంది అన్నావు? తాడును చూసి పాము అనుకోవడం లేదు కదా?"

"నాకూ అదే భయం. తాడయితే, నేను పాము పామని అరిస్తే, ఆవిడ చేతిలో ఉన్న ఆ ఒక్క పనీ పోతుంది. పామైతే..."

"పామైతే?"

"పామైతే నేను ఇక్కడ కూర్చుని అక్షరాలు లెక్కపెడుతున్నాను."

అక్క గుండీ లాగి చూసి, దారం పళ్ళతో తెంపింది. ఆ చప్పుడుకు చెవులమ్మ ఉలిక్కిపడింది. "అయితే వెళ్ళి చూసిరా," అంది అక్క. "విని ఏడ్చేకంటే చూసి ఏడవడం మేలు."

సోమవారం ముందు మేనేజరుకు చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి జోలికీ పోకపోవడమే మంచితనం అనుకునే రకం.

"మనం పుస్తకాలు వింటామమ్మా, సంసారాలు కాదు," అన్నాడు. "రెండు వారాలుగా చెవిలో అదే కథ. పడుకున్నా గడియే వినబడుతుంది. నాకూ ఒకసారి శవాల నవల చేసినప్పుడు ఫ్రిజ్ తెరవాలంటే భయమేసింది."

"పెదవి పగిలిందండీ ఆవిడకు."

"పెదవులు చలికి పగలవా? చూడండి చెవులమ్మా, గురువారం సాయంత్రానికి చివరి అధ్యాయం నా చేతిలో ఉండాలి. శుక్రవారం పుస్తకం విడుదల. అది కానివ్వండి, తర్వాత మీ ఇష్టం."

చివరి అధ్యాయంలో రచయిత మార్చిన రెండు పేజీలు ఆయన బల్ల మీదే ఉన్నాయి, కొరియరుకు వెళ్ళాల్సినవి. పైన చిరునామా రాసి ఉంది. "నేను ఇచ్చి వస్తాను," అని చెవులమ్మ తీసుకుంది. కొరియరు కంటే తొందరగా చేరుతుంది కదా అని మేనేజరు కూడా కాదనలేదు.

రెండు బస్సులు మారి వెళ్ళింది. ఇనుప గేటు, చిన్న వాకిలి, ఇంటి పక్కనుంచి పైకి మెట్లు, డాబా మీద ఒంటరి గది. గేటు దగ్గరే భర్త ఎదురొచ్చాడు. ఆమె ఊహించుకున్న మనిషి కాడు. సన్నగా, చొక్కా చేతులు నీటుగా మడుచుకుని, మాటమాటకూ అండీ అంటూ. తప్పుల పట్టికలు రాసేది తనేనని చెప్పింది.

"మీరేనాండీ ఆ చెవులు! రండి రండి. ఎంత గొప్ప చెవులండీ మీవి! నేను రోజూ వేస్తాను, నాకే ఆ గడియ చప్పుడు తెలియలేదు. మీరు రాశాక చూస్తే నిజమే."

ఆమె అడగకుండానే పైకి తీసుకెళ్ళాడు. గది చూపించడం ఆయనకు ముచ్చటగా ఉంది. గోడలనిండా పాత పరుపులు, కప్పుకు రగ్గులు, కిటికీని అట్టలతో మూసి దాని మీద ఇంకో పరుపు. అన్నీ ఆయన చేతులతో కొట్టినవే. "లోపల అరిచినా బయటికి రాదండీ," అన్నాడు గర్వంగా. "బయటి కుక్క మొరిగినా లోపలికి రాదు." తలుపుకు లోపలివైపు మేకుల గుర్తులున్నాయి, గడియ లేదు. బయటివైపు జానెడు పొడుగు గడియ నల్లగా మెరుస్తోంది.

"మీ పట్టిక అందిన రోజే నూనె పోశానండీ. చూడండి." గడియను ముందుకు తోశాడు. వెనక్కి లాగాడు. మళ్ళీ తోశాడు. వెన్నలో వేలు పెట్టినట్టు పోతోంది. చెవులమ్మ చెవులకు కూడా ఏమీ అందలేదు. "ఇప్పుడేమైనా వినబడుతోందాండీ?"

"లేదండీ," అంది.

భార్య కాఫీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నలభై దాటని మనిషి, వేలికి పుస్తకాల సిరా. కొంగు చెంప మీదుగా లాక్కుని ఉంది. కప్పు అందిస్తున్నప్పుడు కొంగు జారింది. కింది పెదవి మూల నల్లగా కట్టి ఉంది. చెవులమ్మ కళ్ళు అక్కడ ఆగడం ఆమె చూసింది, ఆయన కూడా చూశాడు.

"మెట్ల మీద జారిందండీ," అన్నాడు ఆయన. "ఈవిడకి నిదానం లేదు. చదువుతూ చదువుతూ మధ్యలో లేస్తుంది, పొయ్యి మీద అదుందని, ఇదుందని. అందుకే గడియ. కదూ?"

భార్య చెవులమ్మ వైపు సూటిగా చూసింది. దారం పళ్ళతో తెంపినంత చిన్న శ్వాస.

"అవునండీ," అంది. "తలుపు నేనే వేయమన్నాను."

కాఫీ సాసరులోకి ఒలికింది. ఏడో అధ్యాయం, అక్షరం పొల్లు పోకుండా. ఆయన రెండడుగుల దూరంలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. కాగితాలు ఇచ్చేసింది, కాఫీ చాలా బాగుందంది, మెట్లు దిగింది. ఆ మెట్లు లెక్కపెట్టాలనిపించి కూడా లెక్కపెట్టలేకపోయింది. బస్సులో కూర్చున్నాక ఏడ్చింది. పక్క సీటావిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

మంగళవారం ఉదయం ఆమె పని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది గానీ హెడ్‌ఫోను పెట్టుకోలేదు. నవల మొదటి పేజీనుంచి తిప్పడం మొదలుపెట్టింది. ఈసారి వెతికింది తప్పులకోసం కాదు. ఆయనకు ఉత్తరం రాస్తే ఆయన చదువుతాడు. ఫోను చేస్తే ఆయన ఎత్తుతాడు. పోలీసులకు చెబితే వాళ్ళు గేటు దగ్గర నిలబడి అడుగుతారు, ఆవిడ మళ్ళీ ఊపిరి అందుకుని అదే మాట చెబుతుంది. ఆయన చేతుల్లోంచి వెళ్ళినా ఆయన చదవలేనిది ఒక్కటే ఉంది, తప్పుల పట్టిక. అందులో ఉండేవి అంకెలు. అంకెలను మాటలు చేయాలంటే పుస్తకం తెరవాలి. పుస్తకం తెరిచేది ఆ గదిలో ఆవిడే.

మధ్యాహ్నానికి మూడు వాక్యాలు దొరికాయి. మొదటిది నవల్లో ఆ ఇంటి వంటావిడది, నూట ఎనభైలో: "నాకు వినబడిందమ్మా. నేను విన్నాను." రెండోది మీటరు చూసేవాడిది, తొంభై నాలుగులో: "లోపలున్నది మీ ఇష్టంతోనేనా అమ్మా?" మూడోది మళ్ళీ వంటావిడది, నూట యాభై రెండులో: "మీరు రమ్మంటే వస్తాను. ఎప్పుడు రావాలో చెప్పండి." ఆ వరసలోనే రాసింది. కారణం దగ్గర మూడింటికీ ఒకటే: స్పష్టత లేదు.

మేనేజరు ఎన్నడూ లేనిది ఆ రోజే పట్టిక చూశాడు. "ఇదేంటమ్మా, పేజీలు ముందూ వెనకా అయ్యాయి? నూట ఎనభై, తొంభై నాలుగు, నూట యాభై రెండు. ఉండండి, వరసలో పెడతాను."

"వద్దు," అంది చెవులమ్మ. గొంతు అక్క గొంతంత పైకి లేచింది. "అలాగే పంపండి."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. పదకొండేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పలేదు. "సరే తల్లీ, తలకిందులుగా పంపమన్నా పంపుతాను. గురువారం సంగతి మాత్రం మర్చిపోకండి," అని మీట నొక్కాడు.

ఆ సాయంత్రం జవాబు రాలేదు. బుధవారం ఉదయం రాలేదు. చెవులమ్మ వేరే పుస్తకం పెట్టుకుని, పిల్లల కథ, ఇరవై నిమిషాలు విని, ఒక్క మాట చెవికెక్కలేదని తెలిసి ఆపేసింది. ఆయనే పుస్తకం తెరిచి చూశాడేమో. ఒకసారి కాగితం రాసి పెదవి పగలగొట్టించాను, ఇప్పుడు ఇంకేం చేశానో అనుకుంది. నవలలో భయం అయితే రికార్డు ఆపేస్తే ఆగుతుంది. ఇది ఆగే భయం కాదు.

పదకొండున్నరకు ఫైలు వచ్చింది. నాలుగు నిమిషాలు.

తప్పు దిద్దేటప్పుడు ముందు వాక్యమూ, వెనక వాక్యమూ కలిపి చదవడం మామూలే, అతుకు కనబడకుండా. ఆవిడ కూడా అలాగే చదివింది. "నాకు వినబడిందమ్మా. నేను విన్నాను." బాగుంది. పెదవి కొంచెం నయమైనట్టుంది. తర్వాత మీటరు చూసేవాడు: "లోపలున్నది మీ ఇష్టంతోనేనా అమ్మా?"

చెవులమ్మ శ్వాసకోసం ఎదురుచూసింది. శ్వాస రాలేదు.

"కాదండీ. తలుపు నేను వేయమనలేదు."

పుస్తకంలో వేలు పెట్టి చూసింది. అవునండీ అనే ఉంది. నేనే వేయమన్నాను అనే ఉంది. ఆయన ఫైలు విన్నాడు కాబోలు, విని ఉంటే కథే అనుకున్నాడు. పుస్తకం పక్కన పెట్టుకుని వినేది లోకంలో ఒక్కతే.

"మీరు రమ్మంటే వస్తాను. ఎప్పుడు రావాలో చెప్పండి." దాని కింద వరుసలో పుస్తకంలో గదిలో ఆవిడ జవాబు ఇలా ఉంది: మంగళవారం తొమ్మిదింటికి అయ్యగారు బయటికెళ్తారు, సాయంత్రం దాకా రారు. ఆవిడ చదివింది వేరు. "గురువారం పదింటికి అయ్యగారు బయటికెళ్తారు. పన్నెండు దాకా రారు." కొంచెం ఆగి, కథలో గొంతు వదిలేసి, మామూలు గొంతుతో "పన్నెండు దాకా" అని ఇంకోసారి అంది.

చెవులమ్మ నాలుగు నిమిషాలూ మూడుసార్లు వింది. పట్టిక ముందేసుకుంది. తప్పు చదివిన వాక్యాలు: ఆమె లెక్కకు నాలుగు. పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీసి, కింద రాసింది: తప్పులు లేవు. సంతకం చేసింది.

"అన్నీ సరిగా ఉన్నాయా?" అన్నాడు మేనేజరు.

"ఇంత సరిగా ఎవరూ చదవలేదండీ," అంది.

గురువారం అక్క సెలవు పెట్టింది. సెలవు చీటీలో కారణం దగ్గర కడుపునొప్పి అని రాసి, ఇది అబద్ధం కాదు, రాత్రినుంచి నిజంగానే నొప్పిగా ఉందంది. అద్దె కారు మాట్లాడి, పదింటికి ముందే వీధి మలుపులో ఆపించారు. పది దాటి అయిదు నిమిషాలకు ఆయన డాబా మెట్లు దిగాడు. చొక్కా చేతులు నీటుగా మడుచుకుని, గేటు వేసి, పక్కింటాయనకు దండం పెట్టి, నడిచి వెళ్ళిపోయాడు. చెవులమ్మ ఇంకో పది నిమిషాలు కూర్చుంది. అక్క రెండుసార్లు ఆమె మోకాలి మీద గుద్దింది.

గేటు తెరుచుకుంది. మెట్లు ఈసారి లెక్కపెట్టింది. పద్నాలుగే. పైన ఎండ, ఆరేసిన దుప్పటి, మూసిన తలుపు. గడియకు తాళం లేదు. లోపలున్నవాళ్ళకు అందని గడియకు తాళం దేనికి? ఆమె వేలితో తోసింది. అది జారిపోయింది, చప్పుడు లేకుండా.

తలుపు తెరిచినా లోపల మనిషి వెనక్కి తిరగలేదు. పరుపుల గోడకు ఎదురుగా, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని చదువుతోంది. యంత్రం మీద ఎర్ర దీపం వెలుగుతోంది. గదిలో వేడి ముఖానికి కొట్టింది. పన్నెండింటికి వచ్చి ఆయన ఫైలు పొడవు చూసుకుంటాడు, అందుకే ఆగకుండా చదువుతోందని చెవులమ్మకు అర్థమైంది. ఆమె కూడా అలాగే నిలబడిపోయింది. వాక్యం మధ్యలో ఉంది. వాక్యం మధ్యలో మనిషిని ఆపడం ఆమెకు చేతకాదు.

చెమట పట్టిన వీపు మీద వెలుతురు పడింది కాబోలు, ఆవిడ చెయ్యి పైకి లేచింది, ఒక్క నిమిషం అన్నట్టు. వాక్యం పూర్తి చేసింది. హెడ్‌ఫోను తీసి, తిరిగి చూసింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. సొంతంగా మాట్లాడే అలవాటు ఇద్దరికీ లేదు, ఒకరు వేరేవాళ్ళ మాటలు చదువుతారు, ఒకరు వేరేవాళ్ళ మాటలు వింటారు.

ఆవిడ బల్ల కిందనుంచి ఒక చేతిసంచి తీసింది. చిన్నది, రెండు చీరలు పట్టేంత. ఎప్పుడు సర్దిందో. పుస్తకం కూడా అందులో పడేసింది. చెవులమ్మ యంత్రం వైపు చెయ్యి చాపింది, ఆపుదామని.

"వద్దండీ," అంది ఆవిడ, మొదటిసారి తన సొంత మాట. "ఆ మీట నేను ముట్టుకోకూడదు. ఆయనే ఆపుతారు. నడవనివ్వండి."

మెట్ల మీద మధ్యలో చెవులమ్మ ఉండబట్టలేక అడిగింది. "చివరికి ఆవిడ బయటపడుతుందా అమ్మా? నవల్లో?"

"ఆ పేజీలు నేనింకా చూడలేదండీ," అంది ఆవిడ. "ముందే చూస్తే చదువులో తెలిసిపోతుంది."

కింద అక్క కారు తలుపు పట్టుకుని నిలబడి, వీధంతా వినబడే గుసగుసతో, "త్వరగా, త్వరగా, లోపలికి జరగాలి!" అంటోంది. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కారు అద్దం పూర్తిగా కిందికి దించింది. దుమ్ము వస్తుంది అన్నాడు డ్రైవరు. రానివ్వండి అంది.

చెవులమ్మకు అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. ఇప్పుడే వస్తానని మళ్ళీ పద్నాలుగు మెట్లూ ఎక్కింది. ఖాళీ కుర్చీ, ఖాళీ గ్లాసు, ఎర్ర దీపం. పన్నెండింటికి ఆయన వస్తాడు, అన్నీ వేసినట్టే ఉన్నాయని నిదానంగా తీస్తాడు. తర్వాత కూర్చుని రెండు గంటల ఫైలూ వింటాడు, ఎక్కడ ఆగిపోయిందో చూసుకోవడానికి. ఒక వాక్యం. ఆ తర్వాత రెండు జతల అడుగులు. ఆ తర్వాత ఖాళీ గది.

తలుపు దగ్గరికి లాగి గడియ వేసింది. చప్పుడు కాలేదు. నూనె ఆయన బాగానే పోశాడు.